విషాదచికిత్సయందు కంఠస్వరము

(సంఘ వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



నేను ముప్పదియాఱు సంవత్సరములు ఉన్నత పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించి విరమించినవాడను. కార్యదర్శిగారు నన్ను కావ్యములను గుఱించి యేదైన మాటలాడుమని కోరిరి. నేనును అట్లే చేయదలచితిని. కాని గడచిన రెండేండ్లలో నాకు కలిగిన యనుభవ మొకటి నన్ను వేఱొక విషయమునకు లాగికొనిపోయినది. అది మన యిండ్లలో నున్నదియు, మన సభలలో నెన్నడును చెప్పుకొననిదియు నగు మనోవ్యాధి. వైద్యులు దీనిని డిప్రెషను అందురు. నేను విషాదవ్యాధి యనెదను. ఈ వ్యాధికి సంభాషణారూపమున చికిత్స జరుగునపుడు, రోగి తన భావములను అణచిపెట్టుచున్నాడో, లేక వానిని గుర్తించి సరిదిద్దుకొనుచున్నాడో, ఆ సంగతిని అతని కంఠస్వర మెట్లు బయలుపఱచునో చెప్పుటయే నేటి నా యుద్దేశము.

ముందు వ్యాధిస్వరూపము చెప్పవలెను. దుఃఖమంతయు వ్యాధి కాదు. ఆప్తులు పోయినపుడు ఏడ్చుటయు, పైరు పోయినపుడు క్రుంగుటయు మనుష్యధర్మము. కాని రెండు వారములకు తక్కువ గాకుండ, దినములో నధికభాగము, ఇంచుమించు ప్రతిదినమును మనస్సు దిగబడియుండుటయో, ఇంతకుముందు ప్రీతి గొలిపిన పనులయందు రుచి నశించుటయో సంభవించి, దానితో నిద్ర చెడుట, ఆకలి తప్పుట, కారణము లేని యలసట, తాను పనికిమాలినవాడనను తలంపు, ఏకాగ్రత లేమి, మరణచింత మున్నగునవి కొన్ని చేరినపుడు వైద్యులు దానిని వ్యాధిగా నిర్ణయింతురు. ఇది సోమరితనము కాదు, పిఱికితనము కాదు, వంశమునకు మచ్చ కాదు. 2015, 2016 సంవత్సరములలో బెంగళూరునందలి నిమ్హాన్సు సంస్థ యాధ్వర్యమున 12 రాష్ట్రములలో జరిగిన జాతీయ మానసికారోగ్య సర్వేలో, వయోజనులలో ఇరువదిమందికి ఒకరు జీవితములో నెప్పుడో యొకప్పుడు దీనికి లోనగుదురని తేలినది. ఆ పండ్రెండింటిలో మన తెలుగు రాష్ట్రములు రెండును లేవు. అయినను ఈ మండపములో నెంతమందిమి కూర్చున్నామో లెక్కించి, ఆ సంఖ్యను ఇరువదిచే భాగించి చూచినచో, ఇది పరుల సంగతి కాదని యెవరికి వారికే తెలియగలదు.

మనస్సునకును స్వరమునకును గల సంబంధము మన పూర్వులకు క్రొత్త కాదు. ఆత్మ బుద్ధితో గూడి యర్థములను గ్రహించి, చెప్పవలెనను కోరికచే మనస్సును ప్రేరేపించుననియు, మనస్సు దేహాగ్నిని తట్టుననియు, ఆ యగ్ని వాయువును కదల్చుననియు, వాయువు వక్షస్స్థలమున సంచరించి మంద్రస్వరమును పుట్టించుననియు పాణినీయశిక్ష చెప్పుచున్నది. అనగా శబ్దము కంఠమున వినబడినను, దాని పుట్టుక మనస్సునందే యని భావము. భరతముని నాట్యశాస్త్రమున కాకువును వివరించుచు, స్వరమునకు ఉరస్సు, కంఠము, శిరస్సు అను మూడు స్థానములను నిర్ణయించెను. నిర్వేదము, గ్లాని, చింత, దైన్యము మున్నగు భావములకు ఉరస్థానమునుండి వెడలు మంద్రస్వరమును ప్రయోగింపవలెననెను. సాత్త్వికభావము లెనిమిదింటిలో స్వరభేదమును ఒకటిగా లెక్కించెను. నాడు నటునకు చెప్పిన లక్షణము నేడు వైద్యునకు పనికివచ్చుచున్నది.

ఆధునిక శారీరశాస్త్రము చెప్పునదియు దీనికి దూరము కాదు. ఊపిరితిత్తులనుండి వెడలు గాలి గొంతులోని రెండు స్వరతంత్రులను అదరజేయును. సామాన్యముగా పురుషులలో నివి సెకనుకు 100 మొదలు 130 మాఱుల వఱకును, స్త్రీలలో 200 మాఱులకు ఇటు నటుగాను కంపించును. కంపనములు హెచ్చినచో స్థాయి హెచ్చును, తగ్గినచో తగ్గును. ఈ తంత్రులను నడపు నాడులు వేగస్ అను మహానాడికి శాఖలు. ఆ వేగస్ నాడియే గుండెకును పోవుచున్నది. కనుక భయముచే గుండె కొట్టుకొనునపుడు గొంతు వణకుటయు, దుఃఖముచే గొంతు పూడుకొనిపోవుటయు కవుల కల్పనలు గావు. ముఖమునకు నవ్వు పులుముకొనుట సులభము. కన్నీటిని తుడుచుకొనుట సులభము. గొంతును మాత్రము మనిషి పూర్తిగా తన యధీనమున నుంచుకొనలేడు.

విషాదరోగుల కంఠమును వర్ణించిన పాశ్చాత్యవైద్యులలో జర్మనీదేశస్థుడగు ఎమిల్ క్రేపెలిన్ ముఖ్యుడు. ఆయన 1856లో జన్మించి 1926లో మరణించెను. యంత్రమేదియు లేకయే, వట్టి చెవితో విని, ఆ రోగులు తగ్గుస్వరముతో, మెల్లగా, తడబడుచు, ఒకే తీరున మాటలాడుదురనియు, వాక్యము నడుమ నాగిపోవుదురనియు గుర్తించెను. ఆయన చెవికి వినబడినదానిని నేడు యంత్రములు కొలుచుచున్నవి. అమెరికాలో 2007లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, చికిత్స నారంభించిన 35 మంది రోగుల కంఠములను ఆఱు వారములపాటు టెలిఫోనుద్వారా సేకరించిరి. చికిత్సకు గుణము కనబఱచినవారి స్వరములో హెచ్చుతగ్గులు పెరిగెను. మాటల నడుమ విరామములు తగ్గెను. మాట వేగము హెచ్చెను. 2013లో పిట్స్‌బర్గు విశ్వవిద్యాలయపు పరిశోధకులు 57 మందిని పరిశీలించి మఱియొక సంగతి తెలిపిరి. ఎదుటివారి ప్రశ్న ముగిసిన పిమ్మట రోగి జవాబు మొదలుపెట్టువఱకు గడచు నిశ్శబ్దము, వ్యాధి తగ్గినకొలదియు తగ్గుచు, ఒక క్రమమునకు వచ్చుచుండెను. ప్రత్యేకశిక్షణ లేని సామాన్యశ్రోతలు సైతము స్వరమునుబట్టి వ్యాధితీవ్రతను కొంతవఱకు గుర్తింపగలిగిరి. అనగా ఈ విద్యకు కావలసిన మొదటి యంత్రము భగవంతుడు మన తలకు ఇరువైపుల నమర్చియే యున్నాడు.

ఇంతవఱకు వ్యాధిని గుర్తించు విషయము. ఇంతకంటె లోతైనది భావనియమనము. భావనియమన మనగా నేమి? దుఃఖము, కోపము, భయము పుట్టినపుడు మనము దానితో నేమి చేయుదుమనునదే. అమెరికాలోని జేమ్స్ గ్రాస్ అను మనశ్శాస్త్రవేత్త దీనిని చిరకాలము పరిశోధించెను. భావమును నియమించు మార్గములలో రెండు ముఖ్యములు. మొదటిది అణచివేత: లోపల మండుచున్నను పైకి కనబడనీయకుండుట. రెండవది పునర్విమర్శ: సంగతిని వేఱొక దృష్టితో పరిశీలించి, భావము యొక్క మూలమునే మార్చుట. 1993లో గ్రాస్, లెవెన్‌సన్ అను నిరువురు, చూచుటకు జుగుప్స గొలుపు చలనచిత్రమును కొందఱికి చూపి, వారిలో సగము మందిని తమ భావమును పైకి తెలియనీయవద్దనిరి. వారి ముఖములు నిబ్బరముగానే యుండెను. కాని లోని జుగుప్స యించుకయు తగ్గలేదు. పైగా శరీరములో ఉద్రేకచిహ్నములు హెచ్చెను. మూత పెట్టిన కుండలో పొంగు ఆగదుగదా!

మన సంసారములలో ధైర్యమను పేరుతో మనము పిల్లలకు నేర్పునది చాలవఱకు ఈ మొదటి మార్గమే. విషాదచికిత్సలో నేర్పునది రెండవది. ఫిలడెల్ఫియా నగరమున 1960 ప్రాంతమునుండి ఆరన్ బెక్ అను వైద్యుడు పెంపొందించిన చికిత్సాపద్ధతికి పునర్విమర్శయే ప్రాణము. 2021లో నూఱేండ్లు నిండినవాడై ఆయన మరణించెను. రోగి తన్ను గుఱించి తాను చేసికొన్న తీర్పులను సాక్ష్యములతో పరీక్షించుకొనునట్లు చేయుట ఆయన పద్ధతి. కాని పరీక్షింపవలెనన్నచో, ముందు ఆ భావము వద్దకు రోగి పోవలెను. పోయినాడో లేదో తెలియుట యెట్లు? ఇక్కడ లారా రైస్ అను విదుషి చేసిన పని స్మరణీయము.

ఆమె వాగ్‌స్టాఫ్‌గారితో గూడి 1967లో ప్రకటించిన పరిశోధనయందు, రోగి యేమి చెప్పినాడనుదానిని విడిచి, ఎట్టి స్వరముతో చెప్పినాడనుదానినే గమనించెను. వా రేర్పఱచిన విభాగములు నాలుగు. మొదటిది బహిర్ముఖస్వరము: బలముగా, లయబద్ధముగా, ఉపన్యాసకుని వలె ఎదుటివారిపైకి ప్రసరించునది. రెండవది పరిమితస్వరము: శక్తి నంతయు వెనుకకు లాగికొని, పలుచబడి, దూరమునుండి వచ్చునట్లుండునది. మూడవది ఉద్వేగస్వరము: దుఃఖాదులచే వణకి, విఱిగి, మాటనే భంగపఱచునది. నాలుగవది అంతర్ముఖస్వరము: శక్తి యుండియు లోపలికి తిరిగి, వెదకుచు, అనుకొనని చోట్ల నాగుచు, అడుగడుగున తడవుకొనుచు పోవునది. చికిత్సలో నెవరి కంఠమున అంతర్ముఖస్వరము హెచ్చుగా వినబడెనో వారికి మేలు కలుగుట హెచ్చు. బహిర్ముఖస్వరమునందే నిలిచిపోయినవారికి మేలు తక్కువ యని వారు కనుగొనిరి. చూచితిరా విపరీతము! మనము మెచ్చుకొను నిండైన కంఠము వ్యాధిని కప్పునది కావచ్చును. మనము జాలిపడు తడబాటు స్వస్థతకు దారి కావచ్చును.

ఈ సంగతి నేను గ్రంథములలో చదివి నేర్చినది కాదు. మూడేండ్ల క్రిందట నా భార్య హఠాత్తుగా గుండెపోటుచే స్వర్గస్థురాలయ్యెను. పరామర్శకు వచ్చినవారికి నేనే సంసారానిత్యతను బోధించి పంపితిని. అర్జునవిషాదము మొదలు స్థితప్రజ్ఞలక్షణము వఱకు అనర్గళముగా చెప్పితిని. “మాష్టారు ధీరులు, ఒక్క కన్నీటి బొట్టు లేదు” అని వారనిరి. సభవారితో నిజము చెప్పవలెను: ఆ ప్రశంసకు నేను గర్వించితిని. ఏడాది గడచెను. తెల్లవాఱుజామున మూడు గంటలకే మెలకువ వచ్చుచుండెను. పుస్తకము తెఱచిన పుట తిరుగకుండెను. హైదరాబాదునుండి నా కుమార్తె ప్రతి యాదివారమును ఫోను చేయుచుండెను. ఒకనాడు, “నాన్నగారూ, మీరు బాగున్నానని చెప్పుచున్నారు గాని, మీ గొంతు చెప్పుట లేదు. అన్ని మాటలును ఒకే మెట్టుమీద నిలుచున్నవి” అనెను. మఱునాడే వచ్చి నన్ను వైద్యునియొద్దకు గొనిపోయెను. ఆయన మందులు వ్రాసి, వారమునకొకమాఱు సంభాషణాచికిత్సకు పంపెను.

చికిత్స చేయు నామె నా పూర్వశిష్యురాండ్ర యీడుది. మొదటినాడు నేను గంటసేపు శోకమును గుఱించి ప్రసంగించితిని. నా యనుమతితో ఆమె దానిని యంత్రమున నెక్కించుకొని, మూడవనాడు నాకు వినిపించెను. “మాష్టారూ, ఇక్కడ మీరెవరితో మాటలాడుచున్నారు?” అని యడిగెను. విన్నాను. “నలుబదిమంది పిల్లలున్న తరగతితో నమ్మా” అంటిని. “ఈ గదిలో నేనొక్కతెనే యున్నాను గదా” అని యామె మెల్లగా ననెను. నాకు సిగ్గు కలిగెను. ముప్పదియాఱేండ్లు పిల్లల యుచ్చారణలో తప్పులు పట్టినవాడను; నా స్వరములోని యీ తప్పు నాకు వినబడలేదు.

పిమ్మట నామె, “అమ్మగారు పోయిన యుదయమున ఇంటిలో నేమేమి వినబడుచుండెనో చెప్పుడు” అనెను. నేను మొదలుపెట్టితిని. పంపునుండి బిందెలో నీరు పడుచున్న సవ్వడి. పొరుగింటి రేడియో. నా చేతిలో వార్తాపత్రిక రెపరెప. అంతవఱకు చెప్పి ఆగితిని. ఎంతసేపాగితినో తెలియదు. ఆమె తొందరపెట్టలేదు. “పిలిచినది... రెండు మాఱులు... ఏమండీ అని... వచ్చుచున్నానంటిని... పోలేదు” అంటిని. ఆ వాక్యమును అంతకుముందెవరికిని చెప్పలేదు. నాకు నేనును చెప్పుకొనలేదు. నా గొంతు నాది కానట్లుండెను. తరువాత నేను చాలసేపు ఏడ్చితిని.

మఱుసటి వారములలో నామె నాకు ధర్మోపదేశము చేయలేదు. ఒకటే ప్రశ్న. “ఆ పిలుపు ఎట్టి స్వరముతో వచ్చినది?” తడవుకొనుచు చెప్పితిని: “ప్రతిదినమును కాఫీకి పిలుచునట్లే.” “అట్లయిన, నాడు మీకు తెలిసినదెంత? నేడు తెలిసినదెంత? నేటి తెలివితో నాటి మనిషికి శిక్ష వేయుట న్యాయమా?” ఇదియే పునర్విమర్శ. దుఃఖము పోలేదు, పోవలసిన పనియు లేదు. కాని నేను హంతకుడననెడి తీర్పు మాత్రము క్రమముగా సడలినది. పదవనాటి సంభాషణను మొదటిదానితో ప్రక్కప్రక్కన వినిపించినపుడు, రెండవదానిలో స్వరము హెచ్చుచు తగ్గుచు నుండెను. ఒకచోట ఆమె వంటను గుఱించి చెప్పుచు నవ్వితిని. ఆ నవ్వు నాకే యాశ్చర్యము గొలిపినది. ఆ నెలలోనే నా కుమార్తె ఫోనులో, “నాన్నగారూ, గొంతు మరల మెట్లెక్కి దిగుచున్నది” అనెను.

ఇక్కడ నొక హెచ్చరిక చేయవలెను. కంఠమును విని రోగమును నిర్ణయించు యంత్రములు సిద్ధమగుచున్నవని పత్రికలలో చదువుచున్నాము. స్వరము సాక్షియే గాని న్యాయాధిపతి కాదు. జలుబు, వార్ధక్యము, అలసట, మందులు, స్వభావసిద్ధమైన మితభాషిత్వము—ఇవన్నియు గొంతును మార్చును. పైగా నేను చెప్పిన పరిశోధనలు ఆంగ్లము మాటలాడువారిపై జరిగినవి. మన తెలుగు వాక్యమునకు దాని నడక దానికి కలదు. కోస్తావారి యాస వేఱు, రాయలసీమవారి యాస వేఱు, తెలంగాణమువారి యాస వేఱు. కాబట్టి ఒకని స్వరమును మఱియొకనితో గాక, వాని నేటి స్వరమును వాని నిన్నటి స్వరముతోనే పోల్చవలెను. ఆ పని చక్కగా చేయగలవారు ప్రతిదినమును వానితో మాటలాడు కుటుంబమువారు. ఒకరి కంఠమును వారి యనుమతి లేక యంత్రమున నెక్కించుట మర్యాద కాదని వేఱుగా చెప్పనక్కఱలేదు.

సోదరులారా! ఇక మన సంఘమునకు నేను చేయు మనవులు మూడు. మొదటిది: దుఃఖములో నున్నవారితో “ఏడువకుము, ధైర్యముగా నుండుము” అని వెంటనే చెప్పకుడు. ఒక ప్రశ్న యడిగి, పది యూపిరులు లెక్కించునంతసేపు మౌనముగా నుండుడు. జవాబు ఆ మౌనము వెనుకనుండి వచ్చును. కురుక్షేత్రమున శ్రీకృష్ణుడు సైతము అర్జునుడు తన విషాదమునంతయు చెప్పుకొని నోరు మూసికొనిన పిమ్మటనే తన యుపదేశము నారంభించెనుగదా! రెండవది: మన విద్యార్థి వసతిగృహములలో నుండు బాలబాలికలు ఇంటికి ఫోను చేసి “బాగున్నాను” అనుచుందురు. ఆ మాటను గాక ఆ స్వరమును వినుటకు గృహపాలకులకు శిక్షణ యిప్పించుటయు, నెలకు రెండుమాఱులైన అర్హులగు మానసికచికిత్సకులను పిలిపించుటయు అవసరము. భోజనశాలకు స్తంభములిచ్చిన దాతలు ఈ కార్యమునకును ఒక శాశ్వతనిధి నేర్పఱచినచో, ఆ దానము కంటికి కనబడకున్నను ప్రాణములను నిలుపును. మూడవది: వివాహసంబంధములు చెడునేమోయను భయముచే మనము ఈ వ్యాధిని దాచుచున్నాము. దాచుటచే వ్యాధి పోదు. వైద్యము మాత్రము పోవును.

భారతప్రభుత్వమువారు 2022వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన టెలీ మానస్ అను టెలిఫోను సహాయమును ప్రారంభించిరి. దాని సంఖ్య 14416. రూక ఖర్చు లేక, తెలుగులోనే మాటలాడవచ్చును. ఎవరైన చావు మాట యెత్తినచో దానిని వేళాకోళముగా తీసికొనక, వారిని ఒంటరిగా విడువక, వెంటనే వైద్యునియొద్దకు గొనిపోవలెను.

నేను చాల సేపు మాటలాడితిని. ఇప్పుడును నా గొంతు తరగతిగది గొంతే యని నాకు తెలియును. వృత్తి మాన్పలేని యలవాటది. అయినను ఈ నిండుకంఠము వెనుక తడబడునది యొకటి కలదని మీ యెదుట చెప్పుకొనగలిగితిని. మూడేండ్ల క్రిందట అంతమాత్రము ధైర్యము నాకు లేకుండెను. ఈ రాత్రి మీరు మీ యిండ్లకు చేరినపుడు ఎవరైన మిమ్ము రెండవమాఱు పిలిచినచో, చేతిలోని పత్రికను దింపి, లేచి వెళ్లుడు. ఇంతకంటె నేను కోరునది లేదు.

మన సంఘము దినదినాభివృద్ధి నొందుగాక! శాంతిరస్తు.